పవర్‌పాయింట్‌లో చేసిన ఆహ్వానపత్రం ప్రింటులో మసకబారకుండా ఉండాలంటే ఎలా సేవ్ చేయాలి?

గృహప్రవేశం కార్డయినా, స్కూలు వార్షికోత్సవం పోస్టరయినా, అపార్ట్‌మెంట్ వినాయకచవితి బ్యానరయినా మన దగ్గర చాలామంది తయారుచేసేది పవర్‌పాయింట్‌లోనే. ఫొటోషాప్ కొనే పని లేదు, నేర్చుకునే పని లేదు. రామభద్ర ఫాంటులోనో మండలి ఫాంటులోనో నాలుగు లైన్లు టైపు చేసి, పక్కన దేవుడి బొమ్మ పెడితే కార్డు సిద్ధం. స్క్రీన్ మీద చక్కగానే ఉంటుంది. దాన్ని బొమ్మగా సేవ్ చేసి ప్రింటుకి ఇచ్చాకే అసలు సంగతి బయటపడుతుంది: అంచులు మసకబారి, ఒత్తులు అలుక్కుపోయి ఉంటాయి. షాపులో "రిజల్యూషన్ లేదండీ, పెద్ద సైజు పంపండి" అంటారు. మనకున్నది ఒక్కటే ఫైలు, పెద్ద సైజు ఎక్కణ్ణుంచి తెస్తాం?

అదే ఫైల్లోంచి తేవచ్చు. పవర్‌పాయింట్‌లో అక్షరాలు, గీతలు, ఆకారాలు పిక్సెళ్లుగా, అంటే బొమ్మను కూర్చే చిన్నచిన్న చుక్కలుగా ఉండవు, గీతల లెక్కలుగా ఉంటాయి. ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా గీయించుకోవచ్చు. చిక్కంతా వాటిని బొమ్మగా మార్చే ఆ ఒక్క క్షణంలోనే వస్తుంది. అక్కడ మనకున్న దారులు అయిదారు. వాటిలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలో చూద్దాం.

ముందు కొంచెం లెక్క

చేత్తో పట్టుకుని చదివే కాగితానికి అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలని ప్రింటింగ్ వాళ్ల లెక్క. దాని ప్రకారం ఏ4 కాగితానికి 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. విండోస్‌లో పవర్‌పాయింట్ మాత్రం, మనం ఏమీ మార్చకపోతే, స్లైడును అంగుళానికి 96 చొప్పున బొమ్మగా మారుస్తుంది. అంటే ఏ4 సైజు స్లైడుకి వచ్చేది సుమారు 794 × 1123. మొత్తం పిక్సెళ్లు లెక్కేస్తే కావలసిన దాంట్లో పదో వంతు. మసకగా రాక ఏమవుతుంది?

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. స్లైడ్ సైజ్ జాబితాలో కనిపించే "ఏ4 పేపర్" నిజానికి ఏ4 కాదు. దాన్ని ఎంచుకుంటే స్లైడు 27.52 × 19.05 సెంటీమీటర్లకు వస్తుంది. అసలు ఏ4 అయితే 29.7 × 21. అంచులకు చోటు వదిలినట్టుగా పెట్టిన కొలత అది. దాన్ని షాపులో నిండు ఏ4కి సాగదీస్తారు, ఉన్న కాస్త రిజల్యూషన్ ఇంకా పలచబడుతుంది. అందుకే కస్టమ్‌లోకి వెళ్లి 21, 29.7 అని చేత్తో టైపు చేయడమే మేలు.

డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న అంకె గురించి కూడా ఒక మాట. ఫైల్ ప్రాపర్టీస్‌లో కనిపించే 72, 96, 300 అనేవి బొమ్మకు తగిలించిన చీటీలు మాత్రమే. ఒక బొమ్మలో 2480 × 3508 పిక్సెళ్లు ఉంటే చీటీ మీద 72 అని ఉన్నా ఏ4లో బ్రహ్మాండంగా వస్తుంది. 794 × 1123 బొమ్మకు 300 అని చీటీ అంటించినా మూడంగుళాల లోపు వెడల్పుకే సరిపోతుంది. కాబట్టి చూడాల్సింది పిక్సెళ్ల సంఖ్య. "మీ ఫైలు 72 డీపీఐలో ఉంది, పనికిరాదు" అని ఎవరైనా అంటే కంగారుపడకుండా ముందు పిక్సెళ్లెన్నో చూడమనండి.

స్లైడును బయటికి తీసే దారులు

స్క్రీన్‌షాట్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువమంది చేసేది అదే. లాప్‌టాప్ స్క్రీన్ 1366 × 768 అయితే నిలువు ఏ4 పేజీకి ఆ 768 మించి రాదు. అంటే అంగుళానికి 65 పిక్సెళ్లు. వాట్సాప్ స్టేటస్‌కి పర్వాలేదు, ప్రింటుకి వద్దే వద్దు.

సేవ్ యాజ్‌లోకి వెళ్లి పీఎన్‌జీ అనే బొమ్మ ఫైలు రకం ఎంచుకోవడం దానికన్నా నయం. కానీ పైన చెప్పిన 96 అడ్డం వస్తుంది. మామూలు వెడల్పాటి స్లైడు, అంటే 13.33 × 7.5 అంగుళాలది, ఇలా సేవ్ చేస్తే 1280 × 720 వస్తుంది. ఫోన్లో చూసుకోవడానికి అది చాలు. మ్యాక్‌లో పవర్‌పాయింట్ వాడేవాళ్లకి ఈ బాధ లేదు: ఎక్స్‌పోర్ట్ పెట్టెలోనే వెడల్పు, ఎత్తు అడుగుతుంది, కావలసిన అంకె కొట్టడమే.

విండోస్ వాళ్లకి అసలైన మందు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట ఉంది. పేరు వినగానే టెన్షన్ పడక్కర్లేదు, ఒక్కసారి చేసుకుంటే ఆ కంప్యూటర్లో ఇక ఎప్పుడూ చేయనక్కర్లేదు. పవర్‌పాయింట్ మూసేసి రెజ్ఎడిట్ తెరవండి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్, 16.0, పవర్‌పాయింట్, ఆప్షన్స్ అనే వరుసలో లోపలికి వెళ్లండి. 2016, 2019, 2021, 365 అన్నిటికీ ఆ 16.0 ఒకటే, 2013కి 15.0, 2010కి 14.0. అక్కడ కొత్త 32 బిట్ డీవర్డ్ విలువ ఒకటి సృష్టించి దానికి ఎక్స్‌పోర్ట్, బిట్‌మ్యాప్, రిజల్యూషన్ అనే మూడు ఇంగ్లిష్ మాటల్ని ఖాళీ లేకుండా కలిపి, ఒక్కో మాట మొదటి అక్షరం పెద్దదిగా ఉండేలా పేరు పెట్టండి. దాని మీద డబుల్ క్లిక్ చేసి, ముందు డెసిమల్ ఎంచుకుని, తర్వాత 300 అని ఇవ్వండి. డెసిమల్ ఎంచుకోకుండా 300 కొడితే హెక్సాడెసిమల్ కింద 768 అయి కూర్చుంటుంది, అప్పుడు ఎక్స్‌పోర్ట్ ఎందుకు మొరాయిస్తోందో అర్థం కాదు. ఇదంతా అయ్యాక మామూలుగా సేవ్ యాజ్ పీఎన్‌జీ కొడితే వెడల్పాటి స్లైడు 4000 × 2250 వస్తుంది, ఏ4 అయితే 2480 × 3508. పాత వెర్షన్లలో పొడుగు వైపు 3072 పిక్సెళ్ల దగ్గర ఆగిపోతుంది. ఏ4కి అది అంగుళానికి 260 పైచిలుకు, కార్డులకి ధారాళంగా సరిపోతుంది.

ఆఫీసు కంప్యూటర్లోనో కాలేజీ ల్యాబ్‌లోనో రిజిస్ట్రీ ముట్టుకోనివ్వరు. అలాంటి చోట ఇంకో ఉపాయం ఉంది: స్లైడునే మూడింతలు చేసేయండి. 21 × 29.7కి బదులు 63 × 89.1 సెంటీమీటర్లు పెట్టండి. 96 చొప్పున లెక్కేసినా సుమారు 2381 × 3368 పిక్సెళ్లు వస్తాయి. ఏ4 మీద అంగుళానికి 288 అన్నమాట. స్లైడు 56 అంగుళాల దాకా పెరుగుతుంది కాబట్టి పరిమితి అడ్డు రాదు. కాకపోతే డిజైన్ మొదలుపెట్టకముందే ఈ పని చేయాలి. అంతా అయ్యాక సైజు మారిస్తే పెట్టెలు ఒకవైపు, అక్షరాలు ఒకవైపు పోయే ప్రమాదం ఉంది. అక్షరాల సైజు కూడా 18 ఉండాల్సిన చోట 54 పెట్టుకోవాలి. మొదట్లో కొంచెం వింతగా ఉంటుంది, అలవాటవుతుంది.

ఇక పీడీఎఫ్. నన్నడిగితే ప్రింటుకి అన్నిటికన్నా మొదట ప్రయత్నించాల్సింది ఇదే. పీడీఎఫ్‌లో అక్షరాలు పిక్సెళ్లుగా మారవు, ఫాంటుతో సహా గీతలుగానే వెళ్తాయి. ఏ4 ఏంటి, గోడంత చేసినా అంచులు పదునుగానే ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు "స్టాండర్డ్" ఎంచుకోండి, "మినిమమ్ సైజ్" ఈమెయిల్‌లో చూసుకోవడానికే. స్టాండర్డ్‌లో కూడా లోపలి ఫొటోలు కొంత కుదించుకుపోతాయి, కానీ కార్డు మీద చేతివేలంత దేవుడి బొమ్మకి ఆ తేడా కనపడదు.

అయితే మన తెలుగు కార్డులకి ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్, "అను" అనే తెలుగు ఫాంట్లతోనే పని నడుస్తుంది. పేజ్‌మేకర్‌కి యూనికోడ్, అంటే ఇప్పుడు కంప్యూటర్లలో తెలుగు రాసే పద్ధతి తెలియదు. మన పీడీఎఫ్‌ను అలాగే ప్రింటు కొడితే ఏ గొడవా లేదు. అలా కాకుండా ఆపరేటరు దాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అక్షరాలను సరిదిద్దబోతే "శ్రీరస్తు"లోని వత్తులు విడిపోయి ఎక్కడెక్కడో పడతాయి. పీపీటీఎక్స్, అంటే అసలు పవర్‌పాయింట్ ఫైలే ఇస్తే ఇంకా ఘోరం: వాళ్ల కంప్యూటర్లో రామభద్ర లేకపోతే వేరే ఫాంటు వచ్చి లైన్లన్నీ కిందికి జారతాయి. కాబట్టి షాపువాళ్లని ముందే ఒక ప్రశ్న అడగండి: "పీడీఎఫ్ నేరుగా ప్రింటు కొడతారా, మీ పేజీలో పెట్టుకుంటారా?" నేరుగా అంటే పీడీఎఫ్. పేజీలో పెట్టుకుంటాం, మా లోగో వేస్తాం, రెండు కార్డులు ఒకే షీటులో సర్దుతాం అంటే 300లో తీసిన బొమ్మ ఇవ్వండి. బొమ్మలో ఒత్తులు ఎక్కడికీ పోవు.

పవర్‌పాయింట్‌కి బదులు లిబ్రేఆఫీస్ ఇంప్రెస్ వాడేవాళ్లకి పీఎన్‌జీ ఎక్స్‌పోర్ట్‌లోనే సైజు, రిజల్యూషన్ అడుగుతుంది, రిజిస్ట్రీ తిప్పలు లేవు. కానీ పవర్‌పాయింట్‌లో చేసిన ఫైలును అందులో తెరిస్తే అమరిక కొంత కదులుతుంది, సరిచూసుకోవాలి. కాన్వా ఉచిత ఖాతాలో డౌన్‌లోడ్ సైజు పెంచే స్లైడరుకి తాళం వేసి ఉంటుంది. అందుకని మొదట్లోనే కస్టమ్ సైజులో 2480 × 3508 పిక్సెళ్లు ఇచ్చి డిజైన్ మొదలుపెట్టండి, లేదా పీడీఎఫ్ ప్రింట్‌గా దించుకోండి. అది ఉచితమే.

లోపల పెట్టిన ఫొటోల సంగతి

స్లైడును 300లో తీసినా అమ్మాయి అబ్బాయి ఫొటో మాత్రం మసకగానే వచ్చిందంటే తప్పు సేవ్ చేసిన చోట లేదు, అంతకు ముందెప్పుడో జరిగింది. ఆఫీస్ ప్రోగ్రాములు ఫైలు సేవ్ అయ్యేటప్పుడు ఫొటోలను తమంతట తామే కుదించగలవు. చాలా వెర్షన్లలో అది అంగుళానికి 220. ఆ అంగుళం అంటే స్లైడు మీద ఫొటో ఆ క్షణంలో ఆక్రమించిన అంగుళం. 4000 పిక్సెళ్ల ఫొటోను తెచ్చి, చోటు లేదని రెండంగుళాలకు కుదించి, కంట్రోల్ ఎస్ కొట్టారనుకోండి. ఇప్పుడు ఫైల్లో మిగిలేది 440 పిక్సెళ్లు. మర్నాడు "ఫొటో ఇంకొంచెం పెద్దగా ఉంటే బాగుండు" అని లాగితే ఆ 440నే సాగుతాయి. ఫైలు మూసి తెరిచాక వెనక్కి తెచ్చే మార్గం లేదు, ఒరిజినల్ ఫొటోను మళ్లీ చొప్పించాల్సిందే.

దీనికి విరుగుడు ఫొటో పెట్టకముందే చేయాలి. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ అనే చోట ఫైల్లోని బొమ్మలను కుదించవద్దు అనే పెట్టెలో టిక్కు పెట్టండి. ఇది ఆ ఒక్క ఫైలుకే వర్తిస్తుంది, కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ చూసుకోవాలి. వర్డ్‌లోనూ ఇదే చోట ఇదే టిక్కు.

ఎవరో పంపిన ఫైల్లోంచి ఫొటో మాత్రమే కావాలంటే రైట్ క్లిక్ చేసి సేవ్ యాజ్ పిక్చర్ కొడతాం. అలా తీసింది కొన్నిసార్లు స్లైడు మీద కనిపిస్తున్న సైజులోనే వస్తుంది. దానికన్నా గట్టి పద్ధతి ఉంది: ఫైలుకి ఒక కాపీ తీసుకుని పీపీటీఎక్స్ అన్న తోకను జిప్‌గా మార్చండి. తెరిస్తే లోపల పీపీటీ ఫోల్డరు, అందులో మీడియా ఫోల్డరు ఉంటుంది. ఫొటోలన్నీ ఫైల్లో ఎలా దాచి ఉన్నాయో అలాగే అక్కడ దొరుకుతాయి. వర్డ్ ఫైలయితే వర్డ్ ఫోల్డర్లో మీడియా. 2007కి ముందటి పాత రకం ఫైళ్లకి ఇది పనిచేయదు, వాటిని ముందు కొత్త రకంగా సేవ్ చేసుకోవాలి. వార్షిక సంచికకి ఎవరైనా ఇరవై ఫొటోలు వర్డ్‌లో అతికించి పంపినప్పుడు ఈ చిట్కా విలువ తెలుస్తుంది.

జేపెగ్గా, పీఎన్‌జీనా?

ఈ రెండిట్లో దేన్ని ఎంచుకున్నా పిక్సెళ్ల సంఖ్య మారదు. ఆ పిక్సెళ్లలో ఏముంటుందన్నదే తేడా. పీఎన్‌జీ ప్రతి పిక్సెల్‌నీ ఉన్నదున్నట్టు దాస్తుంది. జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా ఆనని వివరాలను వదిలేస్తుంది. ఫొటోకి ఇది చక్కటి బేరం: ఆకాశం, బుగ్గలు, పట్టుచీర మెరుపు అన్నీ నెమ్మదిగా మారే రంగులే, వదిలిన వివరం కనపడదు. అక్షరం అంచు దగ్గర రంగు ఉన్నట్టుండి మారుతుంది. అక్కడ జేపెగ్ తడబడుతుంది, అక్షరం చుట్టూ దుమ్ము పట్టినట్టు చుక్కలు వస్తాయి.

మన కార్డుల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కారణం రంగులు. పసుపు మీద ఎర్రటి అక్షరాలు మనకి శుభం. జేపెగ్ సాధారణంగా వెలుతురు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గిస్తుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలకి దీనివల్ల నష్టం లేదు, అక్కడున్నదంతా వెలుతురు తేడాయే. పసుపు మీద ఎరుపులో అక్షరాన్ని వెనకున్న రంగు నుంచి విడదీయడంలో వెలుతురుతో పాటు రంగు తేడాకీ పెద్ద పాత్ర ఉంది. అందుకే "శ్రీ" మీద గుడిదీర్ఘం చుట్టూ నారింజ పొగ కమ్ముతుంది, తలకట్టుకీ అక్షరానికీ మధ్య సన్నటి సందు పూడుకుపోతుంది. పిక్సెళ్లు 2480 ఉన్నాయి కదా, ఎందుకిలా వచ్చిందని తల పట్టుకుంటాం.

అక్షరాలున్న దేనికైనా పీఎన్‌జీయే తీసుకోండి. షాపువాళ్లు జేపెగ్గే కావాలంటే పీఎన్‌జీని జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి అక్కణ్ణుంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. జింప్‌లో సేవ్ కొడితే దాని సొంత ఎక్స్‌సీఎఫ్‌లోనే దాస్తుంది, జేపెగ్ కోసం ఎక్స్‌పోర్ట్ యాజ్‌కి వెళ్లాలి. క్వాలిటీ 95 దగ్గర పెట్టి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో సబ్‌శాంప్లింగ్ అన్న చోట 4:4:4 ఎంచుకోండి. రంగు వివరం కూడా పూర్తిగా ఉండిపోతుంది, ఫైలు కొంచెం బరువెక్కుతుంది, అంతే. తారీఖు మార్చాలని జేపెగ్‌ను పెయింట్‌లో తెరిచి, మార్చి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేయడం మాత్రం వద్దు. సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత వివరం పోతుంది, పెయింట్‌లో క్వాలిటీ అడిగే పెట్టె కూడా లేదు. తారీఖు స్లైడులోనే మార్చి కొత్తగా తీయండి.

టిఫ్ సంగతి క్లుప్తంగా: నష్టం లేకుండా దాస్తుంది, ఆఫ్‌సెట్ ప్రెస్సులకి ఇష్టం, సీఎమ్‌వైకే రంగులు, అంటే ప్రెస్సులో వాడే నాలుగు సిరాల పద్ధతి పట్టుకోగలదు. పీఎన్‌జీకి ఆ రంగుల పద్ధతి తెలియదు. ప్రెస్సు అడిగితేనే టిఫ్ ఇవ్వండి, ఏ4 ఒక్కటే కుదించకుండా దాస్తే 26 ఎంబీ అవుతుంది.

ఫ్లెక్సీకి లెక్క వేరు

10 × 6 అడుగుల ఫ్లెక్సీకి 300 అక్కర్లేదు. రోడ్డు అవతల నుంచి చూసేదానికి అంగుళానికి 60, 70 ఉన్నా చాలు. స్లైడు అదే నిష్పత్తిలో 50 × 30 అంగుళాలు పెట్టి, రిజిస్ట్రీలో 150 ఇస్తే 7500 × 4500 వస్తుంది. ఫ్లెక్సీ మీద అంగుళానికి 62. ఇంత పెద్ద స్లైడుకి 300 అడిగితే పవర్‌పాయింట్ చేతులెత్తేయవచ్చు, అంత అవసరమూ లేదు. ఫ్లెక్సీల్లో చెడేది ఎప్పుడూ నాయకుల ఫొటోలే: వాట్సాప్ డీపీలోంచి తీసిన మొహాన్ని మూడడుగులు చేస్తే ఏ సేవ్ పద్ధతీ కాపాడదు. ఆ ఫొటోను అసలు ఫోన్లోంచి తెప్పించుకోవడానికి ఒక పూట తిరిగినా నష్టం లేదు.

పంపేటప్పుడు పోయేది

ఇంత చేసి చివరికి బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి తగ్గిపోతుంది, పైగా జేపెగ్ అవుతుంది. ఏ4 మీద అంగుళానికి 137. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్‌తో కొంత మెరుగు, కానీ అది కూడా కుదించేదే. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు చెక్కుచెదరదు. జీమెయిల్‌లో అయితే 25 ఎంబీ దాకా అలాగే వెళ్తుంది. షాపు నుంచి ప్రూఫు ఫొటోగా వస్తే అది మసకగా ఉందని వాళ్లతో గొడవ పడకండి, మసకబరిచింది వాట్సాపే. డాక్యుమెంట్‌గా పంపమని అడిగి 200 శాతం జూమ్‌లో ఒత్తులు చూసుకోండి.

బ్యాంకు పరీక్షల దరఖాస్తులు మాత్రం ఈ పోరంతటికీ పూర్తిగా వ్యతిరేకం. ఐబీపీఎస్ ఫొటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్యలో అడుగుతుంది. సంతకం 140 × 60, 10 నుంచి 20 కేబీ. అక్కడ 300 పట్టుకుని వేలాడకుండా, ముందు పిక్సెళ్లు ఆ కొలతకి తగ్గించి, తర్వాత జేపెగ్ క్వాలిటీని కొద్దికొద్దిగా కదుపుతూ కేబీల్లోకి తెచ్చుకోండి. పిక్సెళ్లు తగ్గించకుండా క్వాలిటీ ఒక్కటే కోస్తే ఫైలు 50 కేబీకి దిగేసరికి మొహం గళ్లుగళ్లుగా తయారవుతుంది.